ఉప్పు వేసినంత మాత్రాన క్లోరిన్ పోదు

సంపాదకులకు నమస్కారాలు.

మీ ఆదివారం అనుబంధంలో ఇళ్లలో కట్టుకునే ఈత కొలనుల గురించి వచ్చిన వ్యాసం చదివాను. కట్టడం గురించీ, లోతు గురించీ, పిల్లల కోసం కంచె వేయడం గురించీ చాలా మంచి విషయాలు చెప్పారు. కానీ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ఉప్పునీటి కొలనులో క్లోరిన్ ఉండదనీ, నిర్వహణ కూడా దాదాపు అక్కర్లేదనీ అందులో రాశారు. ఈ రెండు మాటలూ తప్పే. సరిగ్గా ఈ రెండు మాటలే నమ్మి మా ఇంట్లో ఒక వేసవి అంతా అవస్థ పడ్డాం. మరో ఇంట్లో అలా జరగకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను. పొడుగనిపించినా దయచేసి కత్తిరించకుండా వేయండి.

నేను 31 ఏళ్లు ఉన్నత పాఠశాలలో రసాయనశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. ఉప్పునీటిలోకి కరెంటు పంపితే ఏమవుతుందో ఏటా పదో తరగతి పిల్లలకు చేసి చూపించేదాన్ని. గాజు పాత్రలో ఉప్పునీళ్లు, రెండు కార్బన్ కడ్డీలు, ఒక బ్యాటరీ. ధనధ్రువం దగ్గర తడిపిన నీలి లిట్మస్ కాగితం పట్టుకుంటే ముందు ఎర్రబడి, ఆ తర్వాత తెల్లగా పాలిపోతుంది. అది క్లోరిన్. రుణధ్రువం దగ్గర సన్నని బుడగలుగా పైకి వచ్చేది హైడ్రోజన్. మా కొలను పక్కన గోడకు బిగించిన యంత్రం చేసేది కూడా అచ్చంగా ఇదే పని. కార్బన్ కడ్డీల బదులు టైటానియం పలకలు, వాటి మీద రుథేనియం, ఇరిడియం ఆక్సైడ్ల పూత, గాజు పాత్ర బదులు ప్లాస్టిక్ గొట్టం. అంతే తేడా. ఆ గొట్టాన్నే సెల్ అంటారు. అసలు ఆ యంత్రం పేరే క్లోరిన్ జనరేటర్. క్లోరిన్ తయారుచేసే యంత్రాన్ని బిగించుకుని, నీళ్లలో క్లోరిన్ లేదని ఎలా అంటాం?

అలా పుట్టిన క్లోరిన్ నీటిలో కలిసి హైపోక్లోరస్ ఆమ్లంగా మారుతుంది. సూక్ష్మజీవుల్ని చంపేది ఆ ఆమ్లమే. డబ్బాలోని ద్రవం పోసినా, మాత్రలు వేసినా, ఉప్పు నుంచి తీసినా, చివరికి నీటిలో పనిచేసేది ఇదొక్కటే. పని ముగిశాక అది తిరిగి క్లోరైడ్ అయిపోతుంది, అంటే మళ్లీ ఉప్పులో భాగమే. అందుకే ఉప్పు ఖర్చయిపోదు. నీళ్లు చింది పోయినప్పుడు, ఫిల్టరు కడిగినప్పుడు, వానకు కొలను పొర్లినప్పుడు మాత్రమే తగ్గుతుంది. ఎండకు నీళ్లు ఆవిరైతే ఉప్పు అక్కడే ఉంటుంది.

ఉప్పునీటి కొలనులో ఈత హాయిగా ఉంటుందన్న మాట మాత్రం నిజమే, దాన్ని నేను కాదనను. సముద్రపు నీటిలో ఉప్పు సుమారు 35,000 పీపీఎం (అంటే పది లక్షల వంతుల్లో 35,000 వంతులు) ఉంటే ఈ కొలనులో 3,000 పైచిలుకు మాత్రమే. మన కన్నీటిలో ఉండే ఉప్పులో ఇది దాదాపు మూడో వంతు. కాబట్టి కళ్లు తెరిచి మునిగినా నొప్పిగా అనిపించదు. పైగా యంత్రం క్లోరిన్‌ను కొంచెం కొంచెంగా, రోజూ ఇస్తుంది. చేత్తో పోసినప్పటిలా ఒక రోజు మోతాదు మించడం, మరో రోజు అడుగంటడం ఉండదు. అలా అడుగంటినప్పుడే చెమట, మూత్రం వంటివి క్లోరిన్‌తో కలిసి క్లోరమైన్లు పేరుకుంటాయి. ఈత కొలను వాసన అని మనం అనుకునేదీ, కళ్లు మండించేదీ చాలావరకు వాటి పనే. అంటే ఆ ఘాటు వాసన వస్తున్న కొలనులో సాధారణంగా ఉండాల్సినంత క్లోరిన్ లేదన్నమాట. ఎక్కువైందని కాదు.

ఇక మా ఇంటి సంగతి. మా అమ్మాయి, అల్లుడుగారు ఇంటి వెనక కొలను కట్టించారు. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున 1.5 మీటర్ల లోతు, అంటే 48,000 లీటర్ల నీళ్లు. నా మనవరాలికి తొమ్మిదేళ్లు. దాని చర్మం సున్నితం, ఏ సబ్బు మారినా దద్దుర్లు వస్తాయి. అందుకే ఉప్పు యంత్రం పెట్టించారు. బిగించడానికి వచ్చినవాళ్లు "ఉప్పు వేయండి, స్విచ్ వేయండి, ఇక మరిచిపోండి" అన్నారు. మా అమ్మాయి సంతోషించింది. నాకు మాత్రం ఆ చివరి మాట మింగుడు పడలేదు.

సిమెంటు పూత ఇంకా కొత్తదే, అయినా వాళ్లు మొదటి రోజే ఉప్పు బస్తాలు దింపబోయారు. నేను ఒప్పుకోలేదు. కొత్త పూత గట్టిపడి, దానిలోని సున్నం సర్దుకోవడానికి కనీసం నెల రోజులు పడుతుంది. ఈలోగా ఉప్పు వేస్తే పూత దెబ్బతింటుంది. ఆ నెలా మేము ద్రవ క్లోరిన్‌నే చేత్తో పోశాం. నెల గడిచాక ఉప్పు లెక్క వేశాను. వాళ్లు కళ్లతో అంచనా కట్టి ఏడు బస్తాలు అన్నారు. కానీ ఇందులో అంచనా ఎందుకు? వెయ్యి లీటర్ల నీటిలో ఒక కిలో ఉప్పు వేస్తే 1,000 పీపీఎం పెరుగుతుంది. మా యంత్రానికి కావలసింది 3,200. నింపిన నీళ్లను ముందే పరీక్షిస్తే 400 అందులోనే ఉంది. మిగిలిన 2,800కి మా 48,000 లీటర్లకు కావలసింది 134 కిలోలు. పాతిక కిలోల బస్తాలైతే ఐదు, పైన తొమ్మిది కిలోలు. ఏడు బస్తాలు వేసి ఉంటే మొదటి రోజే 4,000 దాటేది.

ఉప్పు కూడా ఏదో ఒకటి పనికిరాదు. శుభ్రమైనది, అయోడిన్ కలపనిది, గడ్డకట్టకుండా కలిపే పదార్థాలు లేనిది తీసుకోవాలి. గోనె విప్పి ఒక్కచోట కుమ్మరించకూడదు, నీళ్లను లోపలికి లాగే మూతిలో అసలే పోయకూడదు. కొలను చుట్టూ తిరుగుతూ చల్లి, అడుగున చేరినదాన్ని పొడవాటి బ్రష్‌తో కదిలించాం. యంత్రాన్ని ఆపి ఉంచి పంపు మాత్రం ఒక పగలూ ఒక రాత్రీ నడిపాం. ఉప్పు పూర్తిగా కరగకుండా సెల్‌ను నడపకూడదు.

ఆ తర్వాత నేను మా అబ్బాయి దగ్గరికి వెళ్లి ఆరు వారాలు అక్కడే ఉన్నాను. పరీక్ష పెట్టె, వారం వారం ఏమేం చూడాలో రాసిన కాగితం ఇచ్చే వెళ్లాను. కానీ ఉద్యోగాల హడావుడిలో వాళ్లకు కుదరలేదు. మరిచిపొమ్మని వాళ్లకు ముందే చెప్పి ఉన్నారు కదా! వాళ్లను నేను తప్పు పట్టను. తప్పంతా ఆ మాటదే. నాలుగో వారంలో యంత్రం మీద "ఉప్పు తక్కువ" అనే దీపం వెలిగింది. అల్లుడుగారు బిగించినవాళ్లకు ఫోను చేశారు. "మూడు బస్తాలు వేయండి" అని చెప్పారు. వేశారు. దీపం ఆరలేదు. ఇంకో పది రోజులకు నీళ్లు మసకబారాయి. నేను తిరిగి వచ్చిన రోజు సాయంత్రం చూస్తే కొలను అడుగు కనిపించడం లేదు, గోడల మీద జారుడు, నీళ్లు లేత ఆకుపచ్చ. మనవరాలు గట్టు మీద కూర్చుని "అమ్మమ్మా, కొలనుకు జబ్బు చేసిందా?" అని అడిగింది. అది అడిగిన తీరుకు నా మనసు కలుక్కుమంది.

నిజంగానే జబ్బు చేసింది. దాని లక్షణాలన్నీ కొలిచి రాసుకున్నాను. క్లోరిన్ సున్నా. పీహెచ్, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత, చూడటానికి ఫినాల్ రెడ్ అనే రంగు మారే ద్రవం ఐదు చుక్కలు వేస్తే, పెట్టె మీద 8.2 అని గుర్తున్న గడి కంటే ముదురు రంగు వచ్చింది. ఎండకు క్లోరిన్ నాశనం కాకుండా కాపాడే స్టెబిలైజర్ కూడా సున్నా. ఉప్పును యంత్రం 2,400 అని చూపిస్తోంది. కానీ విడిగా పరీక్ష చేస్తే 4,700 దాటి ఉంది.

ఇక్కడే అందరూ మోసపోయేది. యంత్రం ఉప్పును నేరుగా తూచదు. పలకల మధ్య కరెంటు ఎంత సులువుగా పారుతోందో చూసి, దాని నుంచి ఉప్పు ఎంత ఉందో ఊహిస్తుంది. పలకల మీద పొర పట్టినా, సెల్ పాతబడినా, నీళ్లు బాగా చల్లగా ఉన్నా కరెంటు తగ్గుతుంది. యంత్రం మాత్రం దాన్ని ఉప్పు తక్కువగానే చూపిస్తుంది. ఆ దీపం చూసి బస్తా విప్పకండి. ముందు విడిగా ఉప్పు పరీక్ష చేయండి, తర్వాత సెల్ తెరిచి చూడండి. ఉప్పు వేయడానికి ఐదు నిమిషాలు చాలు. వేసిన ఉప్పును తీయడానికి మాత్రం నీళ్లు పారబోయడం తప్ప సామాన్యులకు మరో దారి లేదు.

సెల్ విప్పాం. పలకల మధ్య దువ్వెన పళ్ల సందుల్లాంటి ఖాళీలుంటాయి. అవి సగానికి పైగా తెల్లటి గట్టి పొరతో పూడుకుపోయి ఉన్నాయి. అది కాల్షియం కార్బొనేట్, మామూలు మాటలో సున్నపురాయి. అల్లుడుగారు స్క్రూడ్రైవర్ తీసుకున్నారు. వద్దని ఆపాను. లోహంతో గీకితే పొరతో పాటు పలకల పూతా పోతుంది, ఆ పూతే సెల్‌కు ప్రాణం. ప్లాస్టిక్ బకెట్టులో పది వంతుల నీళ్లు పోసి, ఆ నీళ్లలో ఒక వంతు హైడ్రోక్లోరిక్ ఆమ్లం నెమ్మదిగా కలిపాను. ఎప్పుడూ నీళ్లలో ఆమ్లం పోయాలి, ఆమ్లంలో నీళ్లు పోయకూడదు. సెల్‌ను ఒక చివర మూసి నిలబెట్టి ఆ ద్రావణం నింపాం. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని, ఆరుబయట. మనవరాలిని దూరంగా నిలబెట్టాను. వెంటనే బుస్సుమని నురగ లేచింది. అదంతా కార్బన్ డయాక్సైడ్. పావుగంటలో నురగ తగ్గి, పలకలు బూడిద రంగులో నున్నగా బయటపడ్డాయి. నురగ ఆగిందంటే పని అయిపోయినట్టే. ఆపైన ఉంచితే ఆమ్లం పూతను తినడం మొదలుపెడుతుంది. ఊరికే నెలనెలా ఆమ్లంతో కడగడం కూడా మంచిది కాదు, పొర కనిపిస్తేనే చేయాలి.

శుభ్రమైన సెల్ బిగించి స్విచ్ వేయగానే యంత్రం ఈసారి "ఉప్పు ఎక్కువ" అని చూపించి తనంతట తానే ఆగిపోయింది. ఆ మూడు బస్తాలు, 75 కిలోలు, 1,500 పీపీఎంకు పైగా పెంచాయి మరి. కొలనులో మూడో వంతుకు పైగా, అంటే 17,000 లీటర్లకు పైనే నీళ్లు తీసేసి మంచినీళ్లు పోయాల్సి వచ్చింది. నీటి విలువ తెలిసిన మనిషిని. ఆ నీళ్లు పోతుంటే చూడలేకపోయాను. మొక్కలకు పోద్దామంటే అంత ఉప్పుకు చెట్లు ఎండిపోతాయి, నేలా పాడవుతుంది. ఈ విషయం మీ వ్యాసంలో లేదు, ఉండాల్సింది. కొలను నీళ్లు గానీ, ఫిల్టరు కడిగిన నీళ్లు గానీ తోటలోకో, బావి వైపో, చెరువులోకో వదలకూడదు. ఎక్కడికి వదలాలో కొలను కట్టించేముందే స్థానిక నిబంధనలు అడిగి తెలుసుకోవాలి.

ఆకుపచ్చ నీటిని యంత్రం బాగుచేయలేదు. ఇది కూడా చాలామందికి తెలియదు. మా యంత్రం నిండుగా నడిస్తే గంటకు 20 గ్రాముల క్లోరిన్ ఇస్తుంది. 48,000 లీటర్లలో అది గంటకు 0.4 పీపీఎం. నాచు దాన్ని పుట్టినంత వేగంగా తినేస్తుంది. అందుకని యంత్రాన్ని ఆపి, పొద్దు వాలాక 10 శాతం ద్రవ క్లోరిన్ ఐదు లీటర్లు పోశాం. దానితో నీటిలో క్లోరిన్ 10 పీపీఎం పెరిగింది. రోజూ గోడలు రుద్దుతూ, ఫిల్టరు కడుగుతూ, తగ్గినంతా మళ్లీ పోస్తూ నాలుగు రోజులు గడిపాం. అంతకుముందే పీహెచ్‌ను ఆమ్లంతో 7.4కు దించాను. ఎందుకంటే స్టెబిలైజర్ లేని నీటిలో పీహెచ్ 7.5 దగ్గర ఉంటే క్లోరిన్‌లో దాదాపు సగం హైపోక్లోరస్ ఆమ్లం రూపంలో ఉంటుంది. 8 దగ్గరకు వెళితే అది పావు వంతుకు పడిపోతుంది.

నీళ్లు తేటపడగానే నయమైందనుకోకూడదు. సూర్యుడు అస్తమించాక ఒకసారి, తెల్లవారకముందే ఒకసారి క్లోరిన్ కొలవాలి. ఈ మధ్యలో యంత్రం నడవకూడదు. రాత్రి ఎండ ఉండదు కాబట్టి క్లోరిన్ తగ్గిందంటే దాన్ని ఏదో తింటున్నట్టే. ఒక పీపీఎం కంటే ఎక్కువ తగ్గితే నాచు ఇంకా మిగిలే ఉంది. మాకు మూడో రాత్రి 2.5 తగ్గింది, నాలుగో రాత్రి అర పీపీఎం. ఆ రోజు మనవరాలే తెల్లవారకముందు నన్ను నిద్ర లేపింది. 10 మిల్లీలీటర్ల నీళ్లలో పొడి వేస్తే గులాబీ రంగు వస్తుంది. ఆ రంగు పూర్తిగా పోయేవరకు రెండో ద్రవం ఒక్కో చుక్క వేస్తూ లెక్కపెట్టాలి. ఒక్కో చుక్క అర పీపీఎం. టార్చి వెలుగులో అది ఊపిరి బిగబట్టి చుక్కలు లెక్కపెట్టింది. రంగు కాగితాలతో కూడా చూడొచ్చు గానీ, ఈ చుక్కల లెక్కంత నమ్మకంగా ఉండవు. మామూలు గులాబీ రంగు పరీక్షలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. క్లోరిన్ మరీ ఎక్కువైతే ఆ రంగే వెలిసిపోయి, నీళ్లు రంగు లేకుండా కనిపించి, క్లోరిన్ లేదనిపిస్తుంది.

ఇంతకీ పీహెచ్ అంత ఎందుకు పెరిగింది, పలకలకు పొర ఎందుకు పట్టింది? దీనికి మూలం స్టెబిలైజర్ లేకపోవడం. స్టెబిలైజర్ అంటే సయనూరిక్ ఆమ్లం. అది క్లోరిన్‌కు గొడుగు లాంటిది. అది లేకపోతే నడి ఎండలో నీటిలోని క్లోరిన్ గంట తిరిగేలోపే సగం నాశనమవుతుంది. బిగించినవాళ్లు ఆ మాటే ఎత్తలేదు. క్లోరిన్ నిలవడం లేదని వాళ్లే యంత్రాన్ని 100 శాతానికి పెట్టి వెళ్లారు. యంత్రం ఎంత ఎక్కువ నడిస్తే అంత హైడ్రోజన్ బుడగలు. ఆ బుడగలు నీటిని కలబెట్టి, కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను వెళ్లగొడతాయి. అది పోతే పీహెచ్ పెరుగుతుంది. పీహెచ్ పెరిగితే సున్నం పలకల మీద పేరుకుంటుంది. పొర పట్టిన సెల్ క్లోరిన్ సరిగ్గా ఇవ్వదు, ఉప్పు లెక్క తప్పు చూపిస్తుంది. ఒక గొలుసు. ఆ గొలుసు మొదటి కడియం దగ్గర కావలసింది మూడు కిలోల తెల్లటి పొడి మాత్రమే. యంత్రంలో పుట్టే సోడియం హైడ్రాక్సైడ్ వల్ల పీహెచ్ పెరుగుతుందని కొందరు చెబుతుంటారు. అది సగం మాటే. క్లోరిన్ తన పని ముగించేటప్పుడు ఆ క్షారం లెక్క చెల్లిపోతుంది. అసలు కారణం బుడగలే.

నీళ్లు బాగుపడ్డాక 60 పీపీఎం కోసం 2.9 కిలోల సయనూరిక్ ఆమ్లం తెచ్చాను. అది త్వరగా కరగదు. పాత మేజోడులో పోసి, నీళ్లు కొలనులోకి వచ్చే గొట్టం ముందు వేలాడదీశాం. రోజుకు రెండుసార్లు నీళ్లలోనే పిండాం. కరగడానికి మూడు రోజులు పట్టింది. వారం ఆగి కొలిచాం. ఆ పరీక్ష మనవరాలికి అన్నిటికంటే ఇష్టం. నీళ్లూ మందూ కలిపితే పాలలా తెల్లబడతాయి. అడుగున నల్లచుక్క ఉన్న గొట్టంలోకి ఆ ద్రవాన్ని నెమ్మదిగా పోస్తూ పై నుంచి చూడాలి. చుక్క ఏ గీత దగ్గర కనబడకుండా పోతుందో అదే అంకె. ఇప్పుడు మా కొలనులో 60 నుంచి 70 మధ్య ఉంచుతాం. దానికి తగ్గట్టు క్లోరిన్ 3 నుంచి 5 పీపీఎం. ఇంతకంటే ఎక్కువ స్టెబిలైజర్ పేరుకుంటే క్లోరిన్ చేతులు కట్టేసినట్టవుతుంది. అది కూడా నీళ్లు మారిస్తే తప్ప తగ్గదు. కాబట్టి ఉప్పు కొలనులో మాత్రల రూపంలో దొరికే క్లోరిన్ వేయకండి. వాటిలో చాలావాటిలో ఈ ఆమ్లం ముందే కలిసి ఉంటుంది.

ఆ రోజు నుంచి యంత్రాన్ని 50 శాతంలో పెట్టాం, పంపు రోజుకు 8 గంటలు నడుస్తుంది. చాలామంది ఈ శాతాన్ని ఉప్పు శాతం అనుకుంటారు. అది సెల్ పనిచేసే సమయం. 50 శాతం అంటే పంపు నడిచే సమయంలో సగం సేపే సెల్ పనిచేస్తుంది. పంపు ఆగితే ఏమీ తయారు కాదు. మా సెల్ ఆయుష్షు సుమారు 10,000 గంటలని దాని కరదీపికలో ఉంది. రోజుకు 8 గంటలు నిండుగా వాడితే మూడున్నర ఏళ్లు కూడా రాదు. 4 గంటలే వాడితే దాదాపు ఏడేళ్లు. ఈ యంత్రంలో ఖరీదైన భాగం సెల్లే. కొనేటప్పుడే కొలను అవసరానికి ఇంచుమించు రెట్టింపు సామర్థ్యం ఉన్నది తీసుకోమనడానికి కారణం ఇదే.

ఆల్కలినిటీ, అంటే పీహెచ్ మార్పును తట్టుకునే నీటి గుణం, కూడా 70 పీపీఎం దగ్గర ఉంచుతున్నాను. మామూలు కొలనులకు చెప్పే 100 ఇక్కడ ఎక్కువ. తగ్గిస్తే పీహెచ్ పెరగడం నెమ్మదిస్తుంది. అయినా వారానికోసారి హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోయక తప్పదు. పీహెచ్ 7.8కు చేరగానే మా నీళ్లకు సుమారు 300 మిల్లీలీటర్లు పోస్తే 7.5కు వస్తుంది. పంపు నడుస్తుండగా, నీళ్లు వచ్చే గొట్టం ఎదుట, సన్నని ధారగా పోస్తాను. ఇక ఒక్క మాట పెద్ద అక్షరాల్లో వేసినా తప్పులేదు. ఆ ఆమ్లాన్నీ ద్రవ క్లోరిన్‌నూ ఎప్పుడూ కలపకండి. ఒకే బకెట్టు వాడకండి. ఒకే అలమరలో కూడా పెట్టకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, అది ఊపిరితిత్తుల్ని కాలుస్తుంది. మా ఇంట్లో వాటి మధ్య ఒక గోడ ఉంది, రెండు గదులకూ తాళాలున్నాయి.

ఇంకో విషయం నేను ఊరి నుంచి వచ్చిన రాత్రే బయటపడింది. పంపు ఆగి ఉంది, యంత్రం దీపం మాత్రం వెలుగుతోంది. బిగించినవాళ్లు యంత్రానికి కరెంటు వేరే తీగతో ఇచ్చారు. నీళ్లు పారనప్పుడు సెల్‌ను ఆపడానికి లోపల ఒక స్విచ్ ఉంటుంది, నిజమే. కానీ అది ఇరుక్కుపోతే? నీళ్లు కదలని గొట్టంలో హైడ్రోజన్ పోగవుతుంది. మూసిన గొట్టంలో హైడ్రోజన్ ఎంత ప్రమాదమో ప్రయోగశాలలో చిన్న పరీక్షనాళిక 'టప్' మనడం చూసిన ప్రతి విద్యార్థికీ తెలుసు. మర్నాడే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, పంపుకు కరెంటు ఉంటేనే యంత్రానికీ వచ్చేలా మార్పించాం. ఎర్తింగ్ సరిచూశారు. 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే కరెంటు తెంచేసే ఆర్‌సీసీబీ పెట్టించాం. సెల్ ఎప్పుడూ ఫిల్టరు తర్వాత, నీళ్లు వేడిచేసే యంత్రం ఉంటే దాని తర్వాత, వరసలో చివరన ఉండాలి. లేకపోతే గాఢమైన క్లోరిన్ నీళ్లు ఆ లోహపు భాగాల్ని తినేస్తాయి. తడి చేతులతో పిల్లలు తిరిగే చోటు అది. కొలను యంత్రం అమ్మేవాళ్లు ఈ మాటలు చెప్పకుండా వెళ్లడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

చిన్నవి మరికొన్ని. నీళ్లు 15 డిగ్రీల కంటే చల్లబడితే చాలా యంత్రాలు క్లోరిన్ చేయడం మానేస్తాయి, ఆ రోజుల్లో చేత్తో పోసుకోవాలి. పెద్ద వానల తర్వాత ఉప్పు కొలవాలి. మెత్తటి రాతి గట్టుల్లో ఉప్పు ఇంకి, ఆరి, పొరలు రాలుస్తుంది, అందుకే వాటిని మంచినీళ్లతో కడుగుతుండాలి.

నేను కోరేది ఒకటే. మీ అనుబంధంలో ఆ వాక్యాన్ని సరిదిద్దుతూ నాలుగు పంక్తులు వేయండి. ఉప్పు కొలనులో క్లోరిన్ ఉంటుందనీ, దాన్ని ఇంటివాళ్లే కొలవాలనీ, మొదటి రోజే స్టెబిలైజర్ గురించి అడగమనీ రాయండి. ఆ వ్యాసం చూసి ఎవరో ఒకరు ఈపాటికే బయానా ఇచ్చి ఉంటారు, బస్తాలు దింపేలోపు వాళ్లకు ఈ సంగతి తెలియాలి.

మా కొలను పుస్తకంలోని రెండు పేజీల నకలు జతచేస్తున్నాను. మొదటిది ఆకుపచ్చ నీళ్ల రోజుది, నా చేతిరాత. రెండోది ఈ ఉదయానిది, నా మనవరాలి రాత: క్లోరిన్ 4, పీహెచ్ 7.6, ఆల్కలినిటీ 70, స్టెబిలైజర్ 60, ఉప్పు 3,200. కింద "అడుగు కనిపిస్తోంది" అని కూడా రాసింది. అది పరీక్ష పెట్టెలో లేని అంశం, దాని సొంతం.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు,
ఒక విశ్రాంత రసాయనశాస్త్ర ఉపాధ్యాయురాలు